బండి కరెంటు: బ్యాటరీని పెట్టెకు కాదు, బండికి కట్టండి

ఈసారి ఉత్తరాల్లో ఎక్కువ భాగం కారవాన్ల గురించే, అంటే లోపలే పడుకుని ప్రయాణం చేసేలా మార్చిన బండ్లు. ఇంజన్ స్టార్ట్ చేసే బ్యాటరీకి కంపెనీవాడే బ్రాకెట్ ఇస్తాడు, దాని జోలికి ఎవరూ పోరు. తంటా అంతా రెండో దానితోనే. లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్, ఫోన్ చార్జింగ్ కోసం బండి లోపల విడిగా పెట్టుకునే దాన్ని హౌస్ బ్యాటరీ అంటున్నారు. దానికి కంపెనీ ఇచ్చిన చోటు ఉండదు, బ్రాకెట్ ఉండదు. ఎవరికి తోచిన చోట వాళ్ళు పెట్టేస్తున్నారు.

ప్రశ్న: మాస్టారూ, పాత టెంపో ట్రావెలర్ కొని కారవాన్‌గా మార్పించుకున్నాం. 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్) ట్యూబులర్ ఇన్వర్టర్ బ్యాటరీలు రెండు వెనక మంచం కింద ప్లైవుడ్ పెట్టెలో పెట్టారు. మొన్న ఆత్మకూరు, దోర్నాల మీదుగా శ్రీశైలం వెళ్తుంటే ఘాట్‌లో ప్రతి మలుపుకీ వెనక దడేల్మని చప్పుడు. ఒకచోట గేదె అడ్డం వస్తే బ్రేకు గట్టిగా వేశాను, పెట్టె మూత లేచిపోయింది. వడ్రంగిని అడిగితే ఇంకో నాలుగు స్క్రూలు వేస్తే సరి అంటున్నాడు. మా ఆవిడేమో ఘాటు వాసన వస్తోందంటోంది. రాట్చెట్ బెల్టు (పిడి ఆడించి బిగించే రకం) వేసి బిగిస్తే సరిపోతుందా?
— ఒక పాఠకుడు, కర్నూలు

జవాబు: సరిపోదండీ. బెల్టు మంచిదే, కానీ దాని రెండో కొస దేనికి కడతారు? ఆ ప్లైవుడ్ పెట్టెకేగా!

ముందు బరువు చూడండి. ఆసిడ్ నింపిన 150 ఏహెచ్ పొడుగు ట్యూబులర్ ఒక్కోటి 55 నుంచి 60 కిలోల దాకా ఉంటుంది. రెండూ కలిపితే మీ మంచం కింద దాదాపు 115 కిలోలు. బండి నిలబడి ఉన్నంతసేపు అది నేల మీద మోపే బరువు మాత్రమే. 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి దేన్నైనా గుద్దుకుని ఒక్క మీటరు లోపల ఆగిందనుకోండి, లోపలున్న ప్రతి వస్తువూ తన బరువుకు దాదాపు 10 రెట్ల బలంతో ముందుకు తోసుకొస్తుంది. అంటే మీ బ్యాటరీలు టన్నుకు పైగా బలంతో వస్తాయి. ఆ దారిలో ఎవరు కూర్చుని ఉంటారో మీకు నేను చెప్పక్కర్లేదు.

ఈ 10 రెట్లు నేను గాలిలోంచి తెచ్చిన లెక్క కాదు. గ్యాస్‌తో నడిచే బండ్లలో సీఎన్‌జీ సిలిండర్‌ను ఎంత గట్టిగా బిగించాలో ఐక్యరాజ్యసమితి 110వ రెగ్యులేషన్‌లో రాసి ఉంది. కార్లలో బండి పోయే దిశలో 20 రెట్లు, పక్కలకు 8 రెట్లు తట్టుకోవాలి. 8 మంది కంటే ఎక్కువ ప్రయాణికులు పట్టే, 5 టన్నుల లోపు బండ్లలో 10, 5 రెట్లు. పెద్ద బస్సులకు 6.6, 5. సిలిండర్‌కు పెట్టిన లెక్క బ్యాటరీకి ఎందుకు పెట్టకూడదు? నా దగ్గరకు వచ్చేవాళ్ళకు నేను ముందుకు 20 రెట్లే చెబుతాను. నాలుగు కిలోల ఇనుము ఎక్కువ పడుతుంది, అంతే.

ఇప్పుడు మీ వడ్రంగి మాటకు వద్దాం. ఆయన పని ఆయన బాగానే చేసి ఉంటాడు, మంచం కిర్రుమనడం లేదు కదా. కానీ స్క్రూ దిగింది 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్‌లో. ఆ ప్లైవుడ్ కింద ఫోమ్, ఫోమ్ కింద బండి రేకు. ఆ రేకు మిల్లీమీటరు మందం కూడా ఉంటుందో లేదో. ఇంకో నాలుగు కాదు, నలభై స్క్రూలు కొట్టినా అవన్నీ చెక్కలోనే కదా ఉండేది. కుదుపుకు చెక్క పీచు పొడి అయిపోయి, స్క్రూలు వాటంతటవే పైకి లేస్తాయి. అగ్గిపెట్టెలో ఇటుకరాయి పెట్టి దానికి రబ్బరు బ్యాండు వేసినట్టు ఉంటుంది వ్యవహారం.

ఇక చేయాల్సింది. 35 లేదా 40 మిల్లీమీటర్ల ఎల్ యాంగిల్, 5 మిల్లీమీటర్ల మందంది తీసుకోండి. రెండు బ్యాటరీల అడుగు చుట్టూ సరిగ్గా కూర్చునే చట్రం వెల్డింగ్ చేయించండి. నాలుగు మూలలా నిలువు యాంగిల్ ముక్కలు బ్యాటరీ ఎత్తులో మూడో వంతు దాకా లేపాలి, లేకపోతే ఇంత పొడుగు బ్యాటరీ బ్రేకు పడినప్పుడు అడుగు జారకపోయినా పైనుంచి తిరగబడుతుంది. పైన అడ్డంగా రెండు పట్టీలు, వాటి చివర్లలో మరలున్న రాడ్లు కింద చట్రంలోకి దిగి నట్లతో బిగుసుకోవాలి. పట్టీలు బ్యాటరీ అంచుల మీద కూర్చోవాలి, నీళ్ళు పోసే మూతల మీద, నీళ్ళ మట్టం చూపే ఫ్లోట్ల మీద కాదు. పట్టీకి రబ్బరు తొడుగు తప్పనిసరి. అడుగున 3 మిల్లీమీటర్ల రబ్బరు షీటు చాలు. కుదుపు తగలకూడదని కొంతమంది స్పాంజి వేస్తారు, అది వద్దు. స్పాంజి నలిగేకొద్దీ బిగింపు వదులవుతుంది.

చట్రాన్ని దేనికి బిగించాలన్నదే అసలు విషయం. ఇక్కడే అందరూ బోల్టు సైజు అడుగుతారు. 8.8 గ్రేడు 8 మిల్లీమీటర్ల బోల్టు ఒక్కటే 2 టన్నుల లాగుడు తట్టుకుంటుంది. కాబట్టి తెగేది బోల్టు కాదు. చిన్న వాషర్ వేసి రేకుకు బిగిస్తే, బోల్టు, నట్టు, వాషర్ మూడూ నిక్షేపంగా ఉండి, రేకే కాగితంలా చిరిగి వాటిని వదిలేస్తుంది. అందుకని బోల్టు ఫ్లోరును దాటి కింద క్రాస్ మెంబర్‌లోకి, అంటే బండికి అడ్డంగా పోయే ఇనుప దూలంలోకి దిగితే మేలు. అది కుదరని చోట రేకు కింద 100 మిల్లీమీటర్ల చదరం, 3 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప ప్లేటు పెట్టి బిగించాలి. మూలలు గుండ్రంగా రాయించండి, పదును అంచు రేకును కోసేస్తుంది. చాసిస్‌కు పొడుగునా పోయే ఇనుప దూలాల పై అంచు, కింది అంచుల్లో మాత్రం రంధ్రం వేయనివ్వకండి. బరువు మోసేది ఆ అంచులే.

డ్రిల్లు పెట్టేముందు కిందకి దూరి చూడండి. బ్రేకు పైపు, డీజిల్ పైపు, వైరింగ్ అన్నీ ఆ చుట్టుపక్కలే పోతుంటాయి. పైనుంచి కొలతలు వేసుకుని డ్రిల్లు దింపేసి, కింద బ్రేకు ఆయిల్ కారుతుంటే నా షాపుకు టోయింగ్‌లో తెచ్చినవాళ్ళున్నారు. వెల్డింగ్ జరిగేటప్పుడు బ్యాటరీలు బండిలో ఉండకూడదు. చార్జింగ్‌లో వాటి నుంచి హైడ్రోజన్ వస్తుంది, గాలిలో 4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వకు అంటుకుంటుంది.

మీ ఆవిడ చెప్పిన వాసన సంగతి. నా లెక్కలో చప్పుడు కంటే అదే ముందు చూడాల్సింది. ముక్కు మండించే ఘాటైతే చార్జింగ్‌లో ఎగిరే ఆసిడ్ తుంపర. కుళ్ళిన కోడిగుడ్డు వాసనైతే బ్యాటరీ ఓవర్‌చార్జ్ అవుతోంది, లేదా ఏదో సెల్ పోయింది. రెండో రకమైతే చార్జింగ్ వెంటనే ఆపేసి, తలుపులన్నీ తీసి, ఎలక్ట్రీషియన్‌కు చూపించేదాకా బండిలో పడుకోకండి. ఏ రకమైనా సరే, ఈ జాతి బ్యాటరీని పడుకునే గదిలో తెరిచి పెట్టకూడదు. లోపలి గాలి గదిలోకి రాని గట్టి పెట్టె, దాని పై భాగం నుంచి బండి బయటకు ఒక పైపు, కింది భాగంలో బయటి గాలి వచ్చేందుకు ఇంకోటి ఉండాలి. హైడ్రోజన్ తేలిక కాబట్టి బయటకు పోయే పైపు పైనే ఉండాలి.

ఇంత చెప్పాక నా సొంత అభిప్రాయం కూడా వినండి. ఇన్వర్టర్ ట్యూబులర్ హాల్లో ట్రాలీ మీద కదలకుండా కూర్చోవడానికి పుట్టింది. ఘాట్ రోడ్ల కుదుపుకు లోపలి ప్లేట్ల మీది పదార్థం రాలి అడుగున చేరుతుంది, సీసం అతుకులు పగులుతాయి. ఎంత గొప్పగా బిగించినా దాని ఆయుష్షు సగమే. వాటిని ఇంట్లో ఇన్వర్టర్‌కు వాడుకోండి. బండికి లిథియం ఐరన్ ఫాస్ఫేట్ కొనుక్కోగలిగితే మంచిది, లేదంటే ఈ-రిక్షా బ్యాటరీలు చూడండి, అవి తిరిగే బండి కోసం చేసినవి.

చోటు కూడా మార్చండి. వెనక ఇరుసు దాటాక, బంపరు దగ్గర కుదుపు ఎక్కువ. రెండు ఇరుసుల మధ్య, ఫ్లోరుకు ఆనుకుని, వెనక చక్రాలకు కాస్త ముందు పెడితే బ్యాటరీకి మంచిది, స్టీరింగ్‌కూ మంచిది. అన్నీ సర్దాక దగ్గర్లోని వేబ్రిడ్జి మీద ముందు చక్రాలు ఒకసారి, వెనక చక్రాలు ఒకసారి ఎక్కించి కాటా వేయించండి. నీళ్ళ ట్యాంకు నిండా ఉన్నప్పుడే సుమా.

ప్రశ్న: నాది 200 ఏహెచ్ లిథియం బ్యాటరీ, పాతిక కిలోలు కూడా లేదు. యూట్యూబ్‌లో ఒకాయన వెల్క్రో పట్టీతో కట్టి చూపించాడు. నేనూ అలాగే కట్టుకోవచ్చా? — హైదరాబాద్ నుంచి ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి

జవాబు: తమ్ముడూ, పాతిక కిలోలు ఇంటూ 20 చేసి చూడు. అర టన్ను. వెల్క్రో దేనికో నీకే తెలుస్తుంది.

కింద చట్రం, పైన పట్టీ అన్న సూత్రం నీకూ అదే. బరువు తక్కువ కాబట్టి పైన ఇనుప పట్టీ బదులు బక్కిల్ ఉన్న గుడ్డ బెల్టు వాడొచ్చు, కానీ పాలియెస్టర్‌ది కొను. నైలాన్‌కు ఆసిడ్ పడదు, పైగా తడిస్తే సాగుతుంది. బెల్టును రాట్చెట్‌తో పళ్ళు బిగపట్టి లాగొద్దు, ప్లాస్టిక్ డబ్బా పక్కలు ఉబ్బకూడదు. పరీక్ష సులువు. రెండు చేతులతో బ్యాటరీని పట్టుకుని గట్టిగా ఊపితే బండి ఊగాలి, బ్యాటరీ ఊగకూడదు.

లిథియంలో నాకు బిగింపు కంటే ఎక్కువ భయం టెర్మినళ్ళ దగ్గర. ఇనుప పట్టీ రెండు టెర్మినళ్ళ మధ్యగా పోతోందనుకో. ఘాట్‌లో నట్టు కొంచెం వదులై పట్టీ ఒక పక్కకు జరిగి ప్లస్‌కు తగిలింది, చట్రం ఎలాగూ బాడీకి, అంటే మైనస్‌కు కలిసే ఉంటుంది. ఆ క్షణంలో వేల ఆంపియర్లు పారతాయి. 13 ఎంఎం స్పానర్ అలా తగిలి, మధ్యలో ఎర్రబడి, టెర్మినల్‌కు అతుక్కుపోవడం నా బెంచీ మీదే చూశాను. అందుకని రెండు టెర్మినళ్ళకూ రబ్బరు టోపీలు వేయి. పట్టీని టెర్మినళ్ళ వైపు పోనివ్వకు. ఫ్యూజు బ్యాటరీ ప్లస్ నుంచి జానెడు దూరం లోపలే ఉండాలి, దాన్నీ ఆ చట్రానికే బిగించు, వైరు మీద వేలాడనివ్వకు.

ఫ్యూజు రకం కూడా చూసుకోవాలి. మామూలుగా దొరికే ఏఎన్ఎల్ ఫ్యూజు 6,000 ఆంపియర్ల దాకా ఆపగలదు. పెద్ద లిథియం షార్టయితే అంతకంటే ఎక్కువే రావచ్చు, అప్పుడు ఫ్యూజు కరిగినా లోపల మంట నిప్పుగీతలా సాగుతూనే ఉంటుంది. క్లాస్ టీ ఫ్యూజు 20,000 ఆంపియర్లను తెంచుతుంది. రేటెక్కువే. అయినా అదే కొను.

మీ ఊళ్ళో, మా ఊళ్ళో మే నెల ఎండకు మూసిపెట్టిన బండి లోపల వేడి 45 డిగ్రీలు దాటడం మామూలే. ఈ బ్యాటరీలను చాలామటుకు 45 డిగ్రీల దాకానే చార్జ్ చేయమంటారు. కాబట్టి సోలార్ ప్యానెల్ కింద, పైకప్పుకు దగ్గర్లో బిగించి చల్లగా ఉండమంటే ఉండదు.

ప్రశ్న: నమస్తే అండీ. మేం అమెరికాలో టెక్సస్‌లో ఉంటాం. ఈ మధ్యే పాత క్లాస్ సీ మోటర్‌హోమ్ కొన్నాం, ముందు వ్యాన్ మొహం, డ్రైవర్ తల మీద మంచం ఉండే రకం. హౌస్ బ్యాటరీలు ఎక్కే మెట్టు కింద ఉన్నాయి, 6 వోల్టుల గోల్ఫ్ కార్ట్ బ్యాటరీలు రెండు. మెట్టు ఎత్తి చూస్తే ట్రే అంతా తుప్పు, తెల్లటి బూజు లాంటిది పేరుకుంది, ఒక పక్క కిందికి జారింది. అక్టోబరులో గుంటూరు నుంచి అమ్మానాన్నలు వస్తున్నారు, కొలరాడో కొండలకు తీసుకెళ్దామని ప్లాన్. టెన్షన్‌గా ఉంది, బ్యాటరీలను లోపలికి మార్చేయమంటారా?

జవాబు: లోపలికి మాత్రం వద్దమ్మా. మెట్టు కింద కింది వైపు తెరిచి ఉంటుంది కాబట్టి గ్యాసు బయటకే పోతుంది. ఆ చోటు ఎంచుకున్నవాడు ఆలోచించే ఎంచుకున్నాడు. లోపం చోటులో లేదు, ట్రేలో ఉంది.

ముందు మైనస్ వైరు, తర్వాత ప్లస్ విప్పండి. రెండింటినీ కలిపే చిన్న వైరు ఎటు నుంచి ఎటు పోతోందో విప్పేముందే ఫోన్‌లో ఫొటో తీసుకోండి. ఒక్కోటి 30 కిలోల దాకా ఉంటుంది, ఒంగి ఒక్కరే లాగకండి. ఆ తెల్ల బూజు మీద వంట సోడా కలిపిన నీళ్ళు పోయండి. బుసబుసా పొంగుతుంది, పొంగడం ఆగేదాకా పోస్తూ ఉండండి. సోడా నీళ్ళు బ్యాటరీ మూతల్లోంచి లోపలికి పోకూడదు, ఆసిడ్ చచ్చిపోతుంది. కళ్ళద్దాలు, గ్లౌజులు లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు.

ఆరాక స్క్రూడ్రైవర్ మొనతో ట్రేను, దాన్ని మోసే యాంగిళ్ళను గట్టిగా పొడవండి. టంగుమంటే పైన తుప్పు గీకి పెయింటు వేసుకోవచ్చు. మొన లోపలికి దిగిందా, ఇక రిపేరు మాట వద్దు, కొత్త యాంగిల్ వేయించండి. ఒక పక్క జారింది అన్నారు కాబట్టి దిగుతుందనే నా అనుమానం. ఆ ట్రే తెగితే 60 కిలోలు హైవే మీద మీ వెనక వచ్చే కారు ముందు పడతాయి. జారే రకం ట్రే అయితే దాన్ని ఆపే పిన్ను, గొళ్ళెం కూడా చూడండి. ట్రే గట్టిగా ఉండి గొళ్ళెం ఊడిపోయిన బండ్లు తక్కువేం కాదు.

ఈ పనిలో పనిగా లిథియంకు మారదామని మీవారు అంటారు, ఎందుకంటే అందరూ అంటారు. మారండి, కానీ అప్పుడు ఆ చోటు పనికిరాదు. సున్నా డిగ్రీల కింద లిథియంను చార్జ్ చేస్తే సెల్ శాశ్వతంగా పాడవుతుంది. మంచి బ్యాటరీలో ఉండే బీఎంఎస్ (బ్యాటరీని కాపాడే లోపలి సర్క్యూట్) చార్జింగ్‌ను ఆపేస్తుంది, బ్యాటరీ బతుకుతుంది, కానీ ఆ చలి పోయేదాకా దానికి చార్జ్ ఎక్కదు. కొలరాడో కొండల్లో అక్టోబరు రాత్రులు సున్నా కిందికి దిగుతాయి. మెట్టు కింద చలిగాలి నేరుగా తగులుతుంది. లిథియం అయితే గది లోపల, ఫ్లోరుకు బోల్టులేసి పెట్టుకోవచ్చు. ఇంజన్ ఆల్టర్నేటర్ (ఇంజన్‌తో తిరుగుతూ కరెంటు పుట్టించేది) నుంచి నేరుగా కలపకుండా మధ్యలో కరెంటును అదుపు చేసే డీసీ-డీసీ చార్జర్ పెట్టించండి, లేకపోతే పాత ఆల్టర్నేటర్ ఒళ్ళు కాలిపోతుంది. ఇంత పని అక్టోబరు లోపు అవుతుందా? నా మాట వింటే ఈ ట్రిప్పుకు పాత బ్యాటరీలే ఉంచి, ట్రే ఒక్కటీ కొత్తది చేయించుకుని వెళ్ళిరండి.

ప్రశ్న: తిరుపతిలో మా వీధిలో బండి రోడ్డు మీదే పెడతాను. పక్క లాకర్ తలుపు తెరిచి ఒక బ్యాటరీ ఎత్తుకుపోయారు. లాకర్ మొత్తం వెల్డింగ్ చేసేద్దామనుకుంటున్నా. — ఒక ట్రావెల్స్ యజమాని

జవాబు: అయ్యో, ఆ పని చేయకండి. వాడికి కావలసింది సీసం, పాత సామాన్ల వాడి దగ్గర కిలోల లెక్కన పోతుంది. వాడు రెండు నిమిషాల్లో విప్పలేకపోతే ఇంకో బండి చూసుకుంటాడు. పై పట్టీకి ఒక వైపు కొక్కెం, రెండో వైపు రంధ్రంలో మంచి తాళం చాలు. కింది బోల్టుల నట్లు బండి అడుగున ఉంటాయి కాబట్టి లాకర్‌లోంచి వాడికి అందవు. కానీ కరెంటు మొత్తం తెంచే ఐసొలేటర్ స్విచ్ మాత్రం తాళం వెనక పెట్టొద్దు. పొగ వచ్చినప్పుడు తాళంచెవి వెతుక్కునే టైమ్ ఉండదు.

ప్రశ్న: ఇలా మార్పించుకున్న బండికి ఆర్టీవో ఆఫీసులో ఇబ్బంది వస్తుందా? — గుడివాడ

జవాబు: బండి స్వరూపం మారిస్తే వస్తుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇష్టం వచ్చినట్టు మార్పులు చేయనివ్వదు. రిజిస్ట్రేషన్‌లో క్యాంపర్ వ్యాన్ అని వేరే తరగతి ఉంది, మోటర్ కారవాన్లకు ఏఐఎస్-124 అని ప్రమాణమూ ఉంది. పని మొదలుపెట్టక ముందే ఆర్టీవో ఆఫీసులో, ఇన్సూరెన్సు కంపెనీలో రాతపూర్వకంగా అడిగి ఉంచుకోండి.

ప్రశ్న: మీరు చెప్పినట్టే చట్రం చేయించి బోల్టులు బిగించాం. మళ్ళీ ఎన్నాళ్ళకు చూసుకోవాలి? — ఒంగోలు

జవాబు: మొదటి 500 కిలోమీటర్లకు ఒకసారి, తర్వాత ప్రతి పెద్ద ప్రయాణానికి ముందు. స్పానర్ పట్టుకుని అన్నీ తిప్పి చూడక్కర్లేదు. బిగించిన రోజే నట్టు మీద నుంచి ప్లేటు మీదకు ఒకే గీతగా పసుపు పెయింటు గీయండి, బస్సుల చక్రాల నట్లకు గీసినట్టు. టార్చి వేసి చూస్తే చాలు, నట్టు మీది గీత, ప్లేటు మీది గీత ఒకే వరుసలో లేవంటే నట్టు కదిలింది. అది లోపల ప్లాస్టిక్ రింగు ఉండే నైలాక్ నట్టు అయితే మళ్ళీ బిగించి ఊరుకోకండి, ఆ రింగు పట్టు పోయి ఉంటుంది. విప్పి పారేసి కొత్తది వేయండి.